హాలు కాగితం మీద మొదటి సంతకం

గురువారం, పొద్దున పదీ ఇరవై. మొన్న ఆగస్టులో, నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజులు. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, సెక్రటరీ గారు ఆ కాగితం పైకెత్తి అందరికీ చూపించినప్పుడు ఎవరి మొహమూ చూడలేక గోడ గడియారం వంక చూశాను.

కాగితం మీద మొదటి సంతకం నాది. దాని కింద రెండు వేలిముద్రలు, ఇంకో సంతకం.

"హాలు వాళ్ళు నలుగురూ ఒప్పేసుకున్నారండీ," అన్నారాయన. "వాళ్ళకి లేని అభ్యంతరం గదుల వాళ్ళకెందుకో నాకర్థం కావడం లేదు."

హాలంటే ఏంటో, గదులంటే ఏంటో ముందు చెప్పాలి. తిరువూరు దాటాక మామిడితోటల మధ్య ఉంటుంది మా పెద్దల ఇల్లు. వృద్ధాశ్రమం అని ఎవరన్నా అంటే మాలో కొందరికి కోపం. నాకేం కోపం లేదు. ముసలోళ్ళం ఉంటున్నాం, ఏ పేరు పెడితే ఏంటి. ముందువైపు ఐదు గదులు, బాత్రూము లోపలే. డిపాజిట్టు కట్టినవాళ్ళు వాటిల్లో ఉంటారు. వెనకాల రేకుల హాలు, అందులో నాలుగు మంచాలు. పింఛను తప్ప ఇంకేం లేనివాళ్ళం అక్కడ ఉంటాం. పింఛను చేతికొచ్చిన రోజే ఆఫీసులో ఇచ్చేస్తాం. భోజనాలు మాత్రం అందరికీ ఒకే చోట, ఒకే కూర.

నన్ను ఇక్కడ మేస్త్రమ్మ అంటారు. నలభై ఏళ్ళు నాట్ల ముఠా నడిపాను. గంపలగూడెం చుట్టుపక్కల చేలకి ఇరవై మంది ఆడవాళ్ళని ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్ళేదాన్ని. వరి నాట్లయినా పత్తి తీతయినా, చేను చూసి రైతుతో మాట్లాడి, మొత్తం పనికింత అని గుత్త ఒప్పుకునేది నేనొక్కదాన్నే. నేను ఒప్పుకున్నాక ఇక ఎవరూ నోరెత్తరు. బేరం చెడితే గట్టు మీద కూర్చుని నన్ను తిడతారు. తిట్టి చేలోకి దిగుతారు. మేస్త్రి ఒప్పుకుంటే ముఠా ఒప్పుకున్నట్టే. అది మా పద్ధతి.

నా పక్క మంచం పెనుగొలను అక్కది. ముప్పై ఏళ్ళు నా ముఠాలో చేసింది. నీటికాసులు ముదిరి ఇప్పుడు రెండు కళ్ళూ దాదాపు పోయాయి. మంచం నుంచి గుమ్మానికి తొమ్మిది అడుగులు, బాత్రూముకి పదకొండు. ఆ హాలు ఆమెకి కాళ్ళతో తెలుసు. ఇంకో చోట పెడితే మంచం దిగలేదు. నా అన్నవాళ్ళు ఆమెకి పెనుగొలనులో తమ్ముడి కోడలొకత్తే. ఒంటిగది ఇల్లు, అందులో ఐదుగురు. హాల్లో మిగతా ఇద్దరూ గంపలగూడెం వదిన, కుట్టుమిషను ఆవిడ. వదిన కూడా కొన్నేళ్ళు నా ముఠాలో చేసిందే.

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. మా చర్చి పాస్టరమ్మ నేర్పింది. అప్పటిదాకా బొటనవేలికి సిరా పూయించుకోవడం, తర్వాత గోడకి తుడుచుకోవడం. సంతకం వచ్చాక బ్యాంకులో పుస్తకం నా వైపుకి తిప్పుకుని మరీ రాసేదాన్ని. గర్వమా అంటే గర్వమే. హాల్లో రోజూ పేపరు చదివి వినిపించేది నేనే. పెద్దక్షరాలు గడగడా చదువుతా, చిన్నవి కూడబలుక్కుంటా. రాని మాట వస్తే దాటేస్తా. దాటేస్తున్నానని వాళ్ళకి తెలీదు.

ఆ గురువారానికి ముందు శనివారం బీపీ చూసే రోజు. నర్సమ్మ బల్ల పక్కన ఇంకో బల్లేసి ఆఫీసమ్మాయి హాలు వాళ్ళ కోసం ఒక కాగితం పెట్టింది.

"కొత్త బ్లాకు కాగితం మామ్మా, సంతకం పెట్టేయండి," అంది.

అది బీపీ కాగితం కాదని నాకు తెలుసు. తెలీదని అబద్ధం చెప్పను. కళ్ళజోడు పెట్టుకున్నాను. 'దిగువ సంతకములు చేసిన నివాసితులమగు మేము' దాకా వచ్చాను. ఇలాంటి తెలుగు మా పాస్టరమ్మ నేర్పలేదు. వేలు కింద పెట్టుకుని రెండో లైను చదువుతున్నాను. నా వెనక బీపీ వరసలో టీచరమ్మ ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది, గదిలో ఒక్కతే ఉంటుంది.

"మేస్త్రమ్మా, అదేం పరీక్ష పేపరు కాదు. కానివ్వు, నా ఉప్మా చల్లారిపోతోంది," అంది.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మూడో లైను మొదట్లో ఒక మాట ఎంత కూడబలుక్కున్నా రాలేదు. సంతకం పెట్టేశాను.

నా పక్కనే అక్క నిలబడింది. "ఏముందే అందులో?" అంది.

"కొత్త బ్లాకు కడతారంట."

"నువ్వు పెట్టావా?"

"పెట్టా."

"అయితే నా వేలు కూడా పెట్టించు."

ఆమె బొటనవేలు నేనే పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. తర్వాత వదిన వేలు. కుట్టుమిషను ఆవిడ ఐదో తరగతి చదివింది. కళ్ళజోడు మంచం మీద మర్చిపోయి వచ్చింది. "నువ్వు చదివావుగా," అని నా సంతకం కింద ఆవిడదీ పెట్టేసింది.

అందులో ఏం రాసుందో సోమవారం నాడు తెలిసింది. గదుల వాళ్ళలో ఒకాయన మండలాఫీసులో గుమాస్తాగా చేశారు. కుళాయి దగ్గర నన్ను చూసి, "గుండె ధైర్యం గల మనిషివి మేస్త్రమ్మా. హాలు పడగొట్టడానికి ఒప్పుకున్నావంటగా," అన్నారు. బకెట్టు కింద పెట్టేసి, అదేంటండీ అన్నాను. ఆయనే విడమరిచి చెప్పారు. కొత్త బ్లాకు మా హాలున్న చోట లేస్తుంది. ఖర్చు ఇక్కడున్న వాళ్ళందరి మీదా తలకింత అని పడుతుంది. హాలు వాళ్ళు స్థలం ఖాళీ చేయాలి, వాటా కట్టాలి. గడువులోగా కట్టలేనివాళ్ళు పని అయ్యేదాకా బంధువుల దగ్గర ఉండాలి. ఆ తర్వాత మంచాలు మిగిలితే రావచ్చు.

అక్కకి చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు, బుధవారం కూడా చెప్పలేదు. గదుల వాళ్ళు డబ్బు కట్టడానికి ఎలాగూ ఒప్పుకోరు, వాళ్ళు గొడవ చేస్తే మొత్తం ఆగిపోతుంది, నేను చేసిన పని ఎవరికీ తెలీకుండా పోతుంది అనుకున్నాను. నేను నమ్ముకున్నది అదీ.

గురువారం తొమ్మిదిన్నరకి భోజనాల గదిలో మీటింగు పెట్టారు. సెక్రటరీ గారు చెడ్డమనిషి కాదు. జీతం లేకుండా చేస్తున్నారు. కొత్త బ్లాకులో లిఫ్టు, మోకాళ్ళకీ నడుముకీ కరెంటు వైద్యం చేసే గది, పైన ఇంకొన్ని గదులు. సగం ఖర్చు దాతలిచ్చారు, మిగతా సగం మనమే వేసుకోవాలి అని చెప్పారు.

మొదట లేచింది రైతు గారు. తోటలూ చేలూ ఉన్న మనిషి, భార్యతో కలిసి గదిలో ఉంటున్నారు. నా ముఠా ఏళ్ళ తరబడి ఆయన చేలోనే నాట్లేసింది.

"తలకింతంటే నేనూ మా ఆవిడా రెండు వాటాలు కట్టాలా? గదికింత అనండి. కాలవ పూడిక తీయిస్తే ఎకరాన్ని బట్టి వేసుకుంటాం గానీ ఇంట్లో ఎంతమంది తింటున్నారని వేసుకుంటామా?"

"బాగుందండీ," అంది టీచరమ్మ. "జంట మీరూ, ఒంటిదాన్ని నేనూ ఒకటే కట్టాలా? పొద్దున్నే మీ గదికి రెండు బకెట్ల వేడినీళ్ళు, నా గదికి ఒకటి."

"మా నీళ్ళు లెక్కబెడుతున్నారా టీచరుగారూ?"

"ముప్పై ఐదేళ్ళు హాజరు వేశానండీ. లెక్కబెట్టడం పోలేదు."

"అసలు మనమెందుకు కట్టాలి?" అన్నారు గుమాస్తా గారు. "కొత్త గదుల్లోకి ఎవరొస్తారో వాళ్ళనే కట్టమనండి."

"వాళ్ళొచ్చేదాకా ఇటుకలెవరు కొంటారండీ?" సెక్రటరీ గారికి విసుగొచ్చింది. "వాళ్ళొస్తారని చెబితే సిమెంటు కొట్టువాడు బస్తాలు దింపుతాడా?"

రైతు గారి భార్య, "నా మోకాళ్ళకి ఆ కరెంటు వైద్యం కావాలి. కట్టేద్దాం," అంది.

"నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటాను? మోకాళ్ళు నావి."

నవ్వులు లేచాయి గానీ గదిలో వేడి తగ్గలేదు. రిటైరైన పోస్టుమాస్టరు గారికి చెవులు వినపడవు. ఎవరేమన్నారో ఆయన చెల్లెలు చేతులతో చూపిస్తుంటే, ఆయన అందరికంటే ముందు కోపం తెచ్చుకుని బల్ల మీద కొడుతున్నారు. బస్సు కండక్టరుగా చేసినాయన మాత్రం కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వంటావిడ గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది. గొడవ పెరిగేకొద్దీ నాకు లోపల కాస్త హాయిగా ఉంది. ఇక ఇది తెగదు, ఆగిపోతుంది అనుకున్నాను.

అప్పుడే సెక్రటరీ గారు ఆ కాగితం పైకెత్తారు. మొదట్లో చెప్పానే, అది.

"పింఛను మీద బతికేవాళ్ళు. హాలు ఇస్తామన్నారు, వాటా కడతామన్నారు. కట్టలేకపోతే పని అయ్యేదాకా బంధువుల దగ్గరుంటామన్నారు. డిపాజిట్లు కట్టిన మీరేమో నీళ్ళ బకెట్లు లెక్కబెట్టుకుంటున్నారు."

గది మొత్తం మా వైపు తిరిగింది. అక్క చెయ్యి నా మోచేతి మీద ఉంది.

"ఏం ఒప్పుకున్నామే మనం?" అంది. గుసగుసగా అన్లేదు, మామూలు గొంతుతోనే అంది. "బంధువులంటే ఎవరి దగ్గరికే?"

లేచి నిలబడ్డాను. 

"అది నేను చదవకుండా పెట్టానండీ."

"చదువుతుంటే నేను చూశాను కదా," అంది టీచరమ్మ.

"రెండు లైన్లు చదివాను. మూడోది రాలేదు. రాలేదని చెప్పడానికి సిగ్గేసి పెట్టేశాను. మీరు వెనకనుంచి నవ్వించారు. మీ తప్పని అనట్లేదు. పెట్టింది నా చెయ్యే. వీళ్ళ వేళ్ళు పట్టి పెట్టించిందీ నా చెయ్యే."

సెక్రటరీ గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "చదవలేదంటే ఎలాగమ్మా? రేపు ఇంకొకరు అదే మాటంటారు. కాంట్రాక్టరుకి మాటిచ్చాను."

"ఔను మేస్త్రీ, అదేం కుదరదు," అన్నారు రైతు గారు. మా వాటాలు పోతే ఆయన వాటా పెరుగుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. "ఎన్నేళ్ళు బేరాలు చేశాను నీతో. ఒప్పుకున్నాక ఒక్కనాడైనా వెనక్కెళ్ళావా? మేస్త్రి ఒప్పుకుంటే ముఠా ఒప్పుకున్నట్టే అని నువ్వేగా అనేదానివి?"

"ఔనండి. చేను చూసి ఒప్పుకునేదాన్ని గనక."

"అన్నీ చూసే ఒప్పుకున్నావా?"

"ఒకటి చూడలేదు అయ్యగారూ. వాగవతల మీ పొలం చెక్క. వాన పడుతోంది, వాగు దాటలేక మీ మాట మీద ఒప్పుకున్నా. రెండెకరాలన్నారు. అది రెండున్నర."

 పోస్టుమాస్టరు గారు ఏమైందని చెల్లెల్ని గిల్లుతున్నారు.

"అది నీకు తెలుసా?" అన్నారు రైతు గారు.

"వంగి నాట్లేసిన నడుములకి తెలీదా? మీకు తెలుసని కూడా మాకు తెలుసు."

"మరి అడగలేదే?"

"ఒప్పుకున్నాను గనక అడగలేదు. ఆ అర ఎకరం కూలి నా మేస్త్రి వాటాలోంచి తీసి వీళ్ళకి పంచాను. ఇప్పుడు పంచడానికి నా దగ్గరేముందండీ? ఈమె మంచం పోతే నా మంచం ఇచ్చేదాన్ని. అది కూడా ఆ హాల్లోనే ఉంది."

"ఆ అర ఎకరం సంగతి నాకెప్పుడూ చెప్పలేదే!" అంది రైతు గారి భార్య.  ఆయన భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

ఈలోపు గుమాస్తా గారు లేచి కాగితం అడిగి తీసుకున్నారు. మొత్తం పైకి చదివారు, ఒక్క ముక్క వదలకుండా. ఆ మూడో లైను అప్పుడు విన్నాను. 'స్వచ్ఛందముగా' అని ఉంది. అంటే ఏంటని అడిగాను. ఎవరి బలవంతం లేకుండా అని చెప్పారు. "మా ఆఫీసులో వేలిముద్ర పక్కన 'చదివి వినిపించడమైనది' అని రాసి, చదివినవాడు కూడా సంతకం పెట్టేవాడు. అది లేకపోతే కాగితం తీసుకునేవాళ్ళం కాదు. ఇందులో అది లేదండీ."

"ఇది మండలాఫీసు కాదు," అన్నారు సెక్రటరీ గారు.

అప్పుడు రైతు గారు నోరు విప్పారు. "సెక్రటరీ గారూ, చేను ఎంతో చెప్పకుండా ఒప్పించిన గుత్త గుత్త కాదండీ. నేను చేసినవాణ్ణి గనక చెబుతున్నాను. ఆ కాగితం తీసి పక్కన పెట్టండి."

"మీకు కూడా వాటా పెరుగుతుంది మరి."

"పెరిగితే పెరిగింది. గదికింత అని నేనన్న మాట మాత్రం అలాగే ఉంది."

"నేను తలకింత అన్న మాట కూడా," అంది టీచరమ్మ.

సెక్రటరీ గారు కాగితం బల్ల మీద నా వైపుకి తోశారు. "ఏం చేయాలో మీరే చేయండి," అన్నారు. కోపం ఉంది ఆ మాటలో. ఉండాల్సిందే. చించేయమని వదిన అంది. చించలేదు. చించితే నేను పెట్టలేదన్నట్టు అవుతుంది. పెన్ను తీసుకున్నాను. కళ్ళజోడు హాల్లో ఉండిపోయింది. టీచరమ్మ తన కళ్ళజోడు తీసి ఇచ్చింది. ఆవిడది నాకు పనికిరాలేదు, తిరిగిచ్చేశాను. కళ్ళు చికిలించుకుని నా సంతకం కింద రాశాను. 'చదవకుండా పెట్టాను. వీళ్ళ వేళ్ళు నేనే పెట్టించాను. వీళ్ళకి ఏమీ చెప్పలేదు.' అన్ని మాటలు నలుగురి ముందు నేనెప్పుడూ రాయలేదు. నేను రాస్తున్నంతసేపూ ఎవరూ లేవలేదు, తొందరపెట్టలేదు.

హాలుకి వచ్చేశాం. అక్క మంచం మీద కూర్చుని చీర కొంగు చివర మెలిపెడుతోంది. అన్నాలకి పిలుస్తుంటే అప్పుడంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"సోమ, మంగళ, బుధ." వేళ్ళ మీద లెక్కబెట్టింది. "నాకు పేపరు చదివావు. నా అన్నం కలిపావు. పక్క మంచం మీదే పడుకున్నావు."

"ఔనక్కా."

"చదవకుండా పెట్టావు, సరే. అది తెలీకపోవడం. తెలిశాక మూడ్రోజులు నోరు మూసుకున్నావు చూడు, దాన్నేమంటారే?"

  ఆ రోజు నుంచి వారం పాటు ఆమెని అన్నాలకి వదినే నడిపించింది. నేను చెయ్యి అందిస్తే పక్కకి జరిగేది. పేపరు నేను చదువుతుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. వినేదో లేదో తెలీదు. అయినా చదివాను. రాని మాట వస్తే ఆగి, "ఇది నాకు రాలేదు," అని చెప్పి ముందుకెళ్ళాను. అలా ఆగడం మొదలెట్టాక తెలిసింది ఎన్ని మాటలు దాటేస్తూ వచ్చానో.

ఎవరు కట్టాలన్నది ఆ రోజు తేలలేదు. ఈ రోజుకీ పూర్తిగా తేలలేదు. కొత్తవాళ్ళ దగ్గర ముందే కొంత తీసుకుందామని, బ్లాకు ముందువైపు స్కూటర్ల షెడ్డు దగ్గర కడదామని అనుకుంటున్నారు. దాతలు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటికే. గదికింతా తలకింతా అన్నది టిఫిన్ల దగ్గర రోజూ నడుస్తూనే ఉంది. అందరూ కలిసి ఒప్పుకునేదాకా హాలు జోలికి పోకూడదని మాత్రం మినిట్స్ పుస్తకంలో రాశారు.

రాశారని వదిన చెబితే అక్క నమ్మలేదు. పుస్తకం తెప్పించమంది. తెచ్చాక ఎవరు చదవాలన్న మాట వచ్చింది. గుమాస్తా గారిని పిలుస్తానంది వదిన.

"వద్దు. దాన్నే చదవమను," అంది అక్క. వారంలో అదే మొదటి మాట నా గురించి. "ఒక్క ముక్క వదలొద్దని చెప్పు."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పైనుంచి మొదలెట్టాను. ఆ రోజు వచ్చినవాళ్ళ వివరం ముందుంది. గదుల వాళ్ళందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాశారు. ఆఖర్న 'మరియు హాలు నివాసితులు తదితరులు' అని ఉంది. అక్కడ ఆగాను. రానందుకు కాదు.

"ఆగావేం?" అంది అక్క. "తదితరులంటే ఎవరు?"

"మనం."

"వేళ్ళు కావలసినప్పుడు నలుగురం. ఇప్పుడు తదితరులమా? వెళ్ళి రాయించు."

వెళ్ళాను. సెక్రటరీ గారు ఒకసారి నా వైపు చూసి, ఆఫీసమ్మాయి చేత ఆ మాట కొట్టించి మా పేర్లు రాయించారు. వంటావిడ పేరు కూడా లేదని చెప్పి అదీ రాయించాను. ఒక్కొక్కటీ పైకి చదివి చూసుకున్నాను. అసలు పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఇక్కడ మేము పిలుచుకునే పిలుపులతోనే రాస్తున్నాను.

ఆ గురువారం ఆ గదిలో ఉన్నవాళ్ళు: సెక్రటరీ గారు. ఆఫీసమ్మాయి. రైతు గారు, ఆయన భార్య. టీచరమ్మ. గుమాస్తా గారు. పోస్టుమాస్టరు గారు, ఆయన చెల్లెలు. కండక్టరు గారు. గుమ్మంలో వంటావిడ. కుట్టుమిషను ఆవిడ. గంపలగూడెం వదిన. పెనుగొలను అక్క. నేను.